చక్రాల కుర్చీ ఇచ్చిన తరువాత

ఈ సంచికకు ఫిజియోథెరపీ గురించి రాయమని ఎడిటర్ గారు అడిగారు. వ్యాసంతోపాటు వేయడానికి ఒక ఫోటో ఇమ్మని మా థెరపిస్టును అడిగితే, "ఫోటో వద్దు సిస్టర్, పేరు కూడా వద్దు. చేసే పని రాయండి, చాలు" అన్నారు. అందువలన ఇందులో ఆయన పేరు ఉండదు. రోగుల పేర్లు ఎలాగూ మేము వేయము.

మన వైపు పల్లెల్లో ఫిజియోథెరపిస్టును "కరెంటు పెట్టే డాక్టరు" అంటారు. నడుము నొప్పికో, మోకాలి నొప్పికో మెషీను పెట్టి పంపించడమే ఆ విభాగం పని అని చాలామంది అనుకుంటారు. నిజానికి మెషీను ఆ పనిలో చిన్న భాగం. దెబ్బ వలన గాని, జబ్బు వలన గాని, పుట్టుకతో గాని శరీరంలో ఒక భాగం పని చేయనప్పుడు, మిగిలిన శక్తితో మనిషి తన పనులు తాను చేసుకునేటట్లు నేర్పడమే థెరపిస్టు అసలు పని. ఇది మాత్ర వేసినట్టు ఒక పూటలో అయ్యేది కాదు. నేర్పాలి. నేర్చుకున్నది ఇంట్లో సరిగా చేస్తున్నారో లేదో మళ్ళీ వెళ్ళి చూడాలి. ఈ "మళ్ళీ వెళ్ళి చూడడం" ఎంత అవసరమో నాకు ఆలస్యంగా తెలిసింది. అది ఎలా తెలిసిందో ముందు చెప్పాలి.

కొన్నేళ్ళ క్రితం వజ్రపుకొత్తూరు వైపు ఒక ఊరిలో కొబ్బరికాయలు దింపే మనిషి చెట్టు మీద నుండి పడిపోయాడు. వయసు ముప్పై దాటింది, ఇద్దరు పిల్లలు. వెన్నెముక విరిగింది. విశాఖపట్నంలో ఆపరేషన్ అయింది గాని నడుము క్రింద స్పర్శ, కదలిక రాలేదు. ఉద్దానంలో ఇటువంటి ప్రమాదం కొత్త కాదు. వాన పడి మాను జారుడుగా ఉన్నా ఎక్కక తప్పని బ్రతుకులు ఇక్కడ చాలా ఉన్నాయి.

ఆ సంవత్సరం ఒక దాత మా ఆసుపత్రి ద్వారా పది చక్రాల కుర్చీలు ఇచ్చారు. షామియానా వేశాము, మైకు పెట్టాము, పెద్దలు మాట్లాడారు. అతన్ని ఆటోలో తీసుకువచ్చి కొత్త కుర్చీలో కూర్చోబెట్టి ఫోటో తీశారు. ఆ ఫోటోలో కుర్చీ వెనుక నవ్వుతూ నిలబడినది నేనే.

మూడు నెలల తరువాత మా థెరపిస్టు వేరొక రోగి కొరకు ఆ ఊరు వెళ్ళి, దారిలోనే కదా అని అతని ఇంటికి కూడా వెళ్ళారు. కుర్చీ అరుగు ప్రక్కన ఉంది. దాని మీద బట్టలు ఆరవేసి ఉన్నాయి. మనిషి లోపల మంచం మీద ఒక ప్రక్కకు తిరిగి పడుకుని ఉన్నాడు. పిరుదు మీద గుప్పెడంత పుండు, ఒళ్ళు కాలిపోయే జ్వరం. ఆ సాయంత్రమే ఆసుపత్రికి తీసుకువచ్చారు. నేను డ్రెస్సింగు చేస్తుంటే అతని భార్య ప్రక్కన నిలబడి, "కుర్చీ ఇచ్చారు గానీ, దాని మీద ఎలగ కూకోవాలో ఎవులూ సెప్పలేదు సిస్టరమ్మా" అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేను కూడా ఏదో ఒక సమాధానం చెప్పి ఉండేదాన్ని.

అసలు ఆ పుండు ఎందుకు పడుతుంది? స్పర్శ ఉన్న మనం గట్టి బల్ల మీద గంటసేపు కూర్చుంటే, మనకు తెలియకుండానే అటూ ఇటూ ఎన్నోసార్లు కదులుతాము. నొప్పి మనల్ని కదిలిస్తుంది. వెన్నుపూస దెబ్బ తిన్న మనిషికి ఆ నొప్పి తెలియదు. ఎముకకు, కుర్చీకి మధ్య చర్మం నలిగి, అక్కడికి రక్తం అందక, కండ లోపల నుండే చచ్చిపోతుంది. పైకి ముందు ఎర్రటి మచ్చ మాత్రమే కనిపిస్తుంది. మచ్చను వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్ళీ ఎరుపు వస్తే ఫరవాలేదు, జాగ్రత్త పడవచ్చు. నొక్కినా తెల్లబడకుండా ఎర్రగానే ఉంటే పుండు మొదలైనట్టే. నల్లగా ఉండే ఒంటి మీద ఈ ఎరుపు సరిగా కనబడదు. అందుకని చెయ్యి పెట్టి వేడిగా ఉందా, గట్టిగా ఉందా అని కూడా చూడాలి.

అతని కుర్చీ అతని కొలతకు చేసినది కాదు. వెడల్పు ఎక్కువ కావడం వలన ఒక ప్రక్కకు ఒరిగి కూర్చునేవాడు, బరువంతా ఒకే ఎముక మీద పడేది. కాళ్ళు పెట్టుకునే పలకలు మరీ ఎత్తుగా ఉన్నాయి. మోకాళ్ళు పైకి లేచి, తొడల మీద పడవలసిన బరువు పిరుదుల మీదకు వచ్చింది. దిండు లేదు, రెక్సిను సీటు మాత్రమే. పది కుర్చీలు కొన్న దాతకు గాని, పంచిపెట్టిన మాకు గాని దిండు సంగతి తోచలేదు. కూర్చున్నప్పుడు తుంటికి రెండు ప్రక్కలా ఒక్కొక్క వేలు సందు మాత్రమే ఉండాలి. సీటు మీద మందపాటి ఫోము దిండు ఉండాలి. అరగంటకు ఒకసారి ముందుకు బాగా వంగి, లేదా చేతుల మీద పైకి లేచి, రెండు నిమిషాలు పిరుదుల మీద బరువు తీయాలి. ఉదయం, రాత్రి అద్దం పెట్టుకుని చర్మం చూసుకోవాలి. పడుకున్నప్పుడు రెండు గంటలకు ఒకసారి ప్రక్కకు తిప్పాలి.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. మేము ట్రైనింగులో ఉన్న రోజుల్లో మంచం పట్టిన రోగి వీపుకు స్పిరిట్ రాసి, పౌడరు వేసి, ఎముకలు తేలిన చోట బాగా మర్దన చేయమని నేర్పేవారు. నడుము క్రింద గాలి రింగు పెట్టమనేవారు. నేను ఎంతోమందికి చేశాను, జూనియర్లకు నేర్పాను. ఈ రెండూ మంచివి కావని తరువాత తెలిసింది. ఎర్రబడిన చోట రుద్దితే లోపలి కండ ఇంకా దెబ్బ తింటుంది. రింగు చుట్టూ నొక్కి మధ్య భాగానికి రక్తం రాకుండా చేస్తుంది. మీ ఇంట్లో గాలి రింగు ఉంటే దయచేసి తీసివేయండి.

ఆ పుండు మానడానికి ఐదు నెలలు పట్టింది. అతను ఇంటికి వెళ్ళిన తరువాతనే మా థెరపిస్టు చేసిన పని నేను దగ్గరగా చూశాను. శనివారం మధ్యాహ్నం డ్యూటీ అయిన వెంటనే ఆయన తన టీవీఎస్ మోపెడ్ మీద ఊళ్ళకు బయలుదేరేవారు. పెట్రోలు ఆయనదే. జీతంలో పదవ వంతు తీసి పెట్టుకుని, అందులో సగం మందిరానికి ఇచ్చి మిగతా సగం దీనికి ఖర్చు పెట్టేవారు. ఈ విషయం కూడా ఆయన చెప్పలేదు, వాళ్ళావిడ చెప్పింది. (ఆవిడకు మొదట్లో ఇది అంత ఇష్టం లేదు. శనివారం సాయంత్రం ఇంట్లో ఉండని మనిషితో ఎవరికి మాత్రం ఇష్టంగా ఉంటుంది?)

నేను రెండు మూడుసార్లు వెంట వెళ్ళాను. ఉద్దానం నేల ఇసుక నేల. కుర్చీ ముందు ఉండే చిన్న చక్రాలు ఇసుకలో దిగిపోతాయి, మనిషి ముందుకు పడిపోతాడు. కాబట్టి గుమ్మం నుండి బాట వరకు ఏదో ఒకటి పరచాలి. ఆయన ఊరి మేస్త్రీని పిలిచి, విరిగిన పెంకులు, కంకర కలిపి సన్నటి దారి వేయించారు. గుమ్మం ఎక్కడానికి వాలు కట్టేటప్పుడు అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలని లెక్క. అంత చోటు ఏ ఇంటికి ఉంటుంది? చోటు లేనప్పుడు వాలును మలుపు తిప్పి కడతారు. తోటలో నుండి రెండు సరుగుడు వాసాలు తెచ్చి పెరట్లో పాతితే, పక్షవాతం వచ్చిన మనిషి పట్టుకుని నడవడానికి సరిపోతాయి. పైన కర్రకు కొబ్బరి తాడు వేసి, మంచి చేతితో లాగి పడిపోయిన చేతిని పైకి ఎత్తుకునే పద్ధతి ఒకటి పూర్వం అందరికీ నేర్పేవారట. దాని వలన భుజం కీలు జారి నొప్పి ఎక్కువవుతుందని ఆయన అది మానిపించారు. పడిపోయిన చేతిని పట్టుకుని లాగి లేవదీయవద్దని ప్రతి ఇంట్లో చెబుతారు. ప్రేమతో లేవదీసేవారే ఎక్కువ హాని చేస్తారు పాపం.

మూత్రం సంగతి కూడా ఆయనే నేర్పించారు. వెన్నుపూస దెబ్బ తిన్నవారికి మూత్రం పూర్తిగా రాదు. నిలువ ఉన్న మూత్రం వెనుకకు తన్ని కిడ్నీలను పాడుచేస్తుంది. ఎప్పుడూ గొట్టం ఉంచేకంటే, చేతులు శుభ్రంగా కడుక్కుని నాలుగు నుండి ఆరు గంటలకు ఒకసారి సన్నని గొట్టంతో తానే మూత్రం తీసుకోవడం మంచిది. నేర్చుకోవడానికి అతను సిగ్గుపడ్డాడు. రెండు వారాలలో నేర్చుకున్నాడు.

కిడ్నీ మాట వచ్చింది గనుక ఇంకొకటి చెప్పాలి. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం మండలాలలో కిడ్నీ జబ్బు ఎన్ని కుటుంబాలను దెబ్బ తీసిందో మీకు నేను చెప్పనక్కరలేదు. దానికి మూలకారణం ఇంతవరకు నిర్ధారణ కాలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. కారణం ఏదైనా కావచ్చు, నొప్పి మాత్రలు కిడ్నీకి హాని చేస్తాయని, ముందే దెబ్బ తిన్న కిడ్నీని త్వరగా పాడుచేస్తాయని మాత్రం ఖచ్చితంగా తెలుసు. పలాస జీడిపప్పు బట్టీలలో రోజంతా వంగి కూర్చునే ఆడవాళ్ళకు నడుము నొప్పి, మెడ నొప్పి. నౌపడ ఉప్పు మళ్ళలో పని చేసేవారికి మోకాళ్ళు, నడుము. సాయంత్రం కిరాణా కొట్టులోనో, మందుల షాపులోనో ఒక మాత్ర కొనుక్కుని వేసుకోవడం అలవాటు. సంవత్సరాల తరబడి వేసుకుంటారు. నడుముకు నాలుగు వ్యాయామాలు నేర్పి, గంటకు ఒకసారి లేచి నిలబడమని చెప్పి, ఆ మాత్ర మానిపించిన థెరపిస్టు నొప్పి తగ్గించడమే కాదు, ఒక కిడ్నీని కూడా కాపాడినట్టే. వేరే జిల్లాలో ఫిజియోథెరపీ ఒక సౌకర్యం కావచ్చు. ఉద్దానంలో అది అంతకంటే ఎక్కువ అని నా అభిప్రాయం.

డయాలసిస్ చేయించుకునేవారికి కూడా ఈ విభాగం అవసరమే. వారానికి రెండు మూడుసార్లు, నాలుగేసి గంటలు పడుకుని పడుకుని కండ కరిగిపోతుంది. డాక్టరు అనుమతితో కాళ్ళకు తేలిక వ్యాయామాలు చేయాలి. చేతికి ఫిస్టులా వేసిన తరువాత, డాక్టరు చెప్పిన రోజు నుండి మెత్తటి బంతి నొక్కితే ఆ రక్తనాళం బాగా బలపడుతుంది. ఆ చేతికి బి.పి. చూడనివ్వకండి, రక్తం తీయనివ్వకండి, ఆ చేతితో బరువు మోయకండి.

మంచి పని మొదలుపెట్టినవారి గురించి ఒక మాట. మన దేశంలో ఈ పునరావాస వైద్యానికి దారి వేసినవారిలో వేలూరు సి.ఎం.సి. డాక్టరు మేరీ వర్గీస్ ముఖ్యులు. 1954లో కారు ప్రమాదంలో వెన్నెముక దెబ్బ తిని ఆమె కాళ్ళు పోయాయి. చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. 1966లో వేలూరులో పునరావాస కేంద్రం వచ్చింది. 1972లో ఆమెకు పద్మశ్రీ ఇచ్చారు. కుర్చీలో ఎలా కూర్చోవాలో ఆమెకు ఎవరూ పుస్తకం చూసి చెప్పనక్కరలేదు. కుర్చీలు పంచే మా వంటివారు అందులో ఒక్క పూట కూర్చుని చూస్తే చాలు.

ఇక డబ్బు సంగతి. దీని మీద మా కమిటీలో వాదన జరిగింది, దాచవలసిన అవసరం లేదు. ఆ పుండు సంఘటన తరువాత, వచ్చే విరాళాలలో కొంత భాగం దిండ్లకు, పెట్రోలుకు, మళ్ళీ మళ్ళీ వెళ్ళే ఖర్చులకు కేటాయించాలని మా థెరపిస్టు కాగితం రాసి ఇచ్చారు. "పెట్రోలుకు డబ్బు అంటే దాతలు ఇవ్వరు. కుర్చీ అంటే ఇస్తారు. కుర్చీ మీద పేరు రాయవచ్చు" అని ఒక పెద్దాయన అన్నారు. ఆయన అన్నది అబద్ధం కాదు. కంటికి కనిపించే వస్తువు ఇస్తే ఇచ్చినవారికి తృప్తి. ఒక సంఘం వారు మరొక ఊరిలో ఇచ్చిన మూడు చక్రాల సైకిళ్ళు, ఒకే సైజువి, చిన్నపిల్లలకూ పెద్దవారికీ అవే ఇచ్చినవి, పశువుల శాలలో ఉండడం నేను చూశాను. ఇచ్చినవారు చెడ్డవారు కారు. మళ్ళీ వెళ్ళి చూడలేదు, అంతే. మేము కూడా అంతే కదా.

మనకు దగ్గరలోనే ఒక మంచి ఉదాహరణ ఉంది. సోంపేట ఆరోగ్యవరం ఆసుపత్రిలో కెనడా బాప్టిస్టు మిషను డాక్టరు బెన్ గల్లిసన్ కంటి ఆపరేషన్లు చేసేవారు. ఆయన కెనడాలో ఇక్కడి రోగుల సంగతి చెప్పగా విని, 1963లో కాల్గరీ నగరపు వ్యాపారి ఆర్ట్ జెంకిన్స్ ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థ మొదలుపెట్టారు. మన సోంపేట నుండి పుట్టిన ఆ సంస్థ ఈనాడు ఇతర దేశాలలో కూడా పని చేస్తున్నది. నాకు నచ్చినది దాని పెద్దతనం కాదు. రోగులు ఆసుపత్రికి వస్తారని కూర్చోకుండా, ఊళ్ళలో ఇంటింటికీ తిరిగి చూపు లేనివారిని వెతికే పద్ధతికి ఆ సంస్థ తరువాతి రోజుల్లో వచ్చింది. అంటే దాతల డబ్బు ఆపరేషను బల్లకే కాదు, ఊళ్ళో తిరిగే కార్యకర్త కాళ్ళకు కూడా వెళుతున్నది. కమిటీలో నేను ఈ మాటే చెప్పాను. చివరకు కుర్చీ ఇచ్చే దాతలను దిండుకు, మూడుసార్లు ఇంటికి వెళ్ళే ఖర్చుకు కూడా కలిపి అడగాలని ఒప్పుకున్నారు. అడిగాము. ఒకరిద్దరు మానుకున్నారు. ఎక్కువమంది ఇచ్చారు. అయితే పది కుర్చీలు ఇవ్వగలిగే చోట ఏడు మాత్రమే ఇవ్వగలిగాము. ఆ మిగతా ముగ్గురు ఆలస్యంగా కుర్చీ పొందారు. ఇది కూడా నిజమే, దీనికి నా దగ్గర సమాధానం లేదు.

ఇవ్వదలచినవారు తరచుగా అడిగే వాటికి కొన్ని జవాబులు. 80జి గుర్తింపు ఉన్న సంస్థకు ఇస్తే, పాత పద్ధతిలో ఆదాయపు పన్ను కట్టేవారికి మినహాయింపు ఉంటుంది. 2,000 రూపాయలకు మించి నగదుగా ఇచ్చినదానికి అది రాదు. చెక్కు గాని, బ్యాంకు ద్వారా గాని ఇవ్వండి, రసీదు తప్పక అడగండి. గల్ఫులోను ఇతర దేశాలలోను పని చేస్తున్న మన పిల్లలు భారత పౌరులే అయితే, తమ సంపాదనలో నుండి బ్యాంకు ద్వారా పంపినది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు పంపితే అది విదేశీ విరాళమే. దానిని తీసుకునే సంస్థకు ఎఫ్.సి.ఆర్.ఎ. అనుమతి ఉండాలి. 2020లో చట్టం మారిన తరువాత ఆ డబ్బు ముందుగా న్యూఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాకే రావాలి. పాత వాకర్లు, కర్రలు ఇచ్చేవారు రబ్బరు బుడిపెలు అరిగాయో లేదో చూసి ఇవ్వండి. అరిగిన బుడిపె ఉన్న కర్ర కంటే కర్ర లేకపోవడమే నయం.

దానం అంటే డబ్బే కానక్కరలేదు. 2024 జూలైలో రాష్ట్ర ప్రభుత్వం వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలకు, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000 రూపాయలకు పెంచింది. రెండింటికీ తేడా ఉందని తెలియని ఇళ్ళు ఉన్నాయి. సర్టిఫికెట్టు కొరకు మెడికల్ బోర్డుకు తీసుకువెళ్ళే మనిషి లేక ఆగిపోయిన ఇళ్ళు ఉన్నాయి. టెక్కలి వైపు ఒక రిటైరైన మాస్టారు ఇటువంటి ఐదారుగురిని వెంటబెట్టుకుని తీసుకువెళ్ళి పని పూర్తి చేయించారు. ఆయన ఒక్క రూపాయి ఇవ్వలేదు, బస్సు చార్జీలు తప్ప.

కొబ్బరిచెట్టు మీద నుండి పడిన ఆ మనిషి ఇప్పుడు ఇంటి ముందు చిన్న బడ్డీ కొట్టు నడుపుతున్నాడు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన రాత్రి ఇంటి పైకప్పు పోయింది. భార్య, పిల్లలు అతన్ని కుర్చీతో సహా ఎత్తుకుని బడికి తీసుకువెళ్ళారు. దిండు తీసుకువెళ్ళడం మరిచిపోలేదని తరువాత నాకు గొప్పగా చెప్పాడు. పుండు మళ్ళీ పడలేదు. ఇప్పుడు కొత్తగా కుర్చీ తీసుకునేవారికి చేతుల మీద ఎలా లేవాలో చూపించడానికి మా థెరపిస్టు అతన్నే పిలుస్తున్నారు. నేను గంట చెప్పినా వినని కుర్రవాళ్ళు అతను ఐదు నిమిషాలు చెబితే వింటారు.

మా థెరపిస్టు దగ్గర ఒక నోటుబుక్కు ఉంది. మళ్ళీ వెళ్ళవలసిన ఇళ్ళు అందులో రాసుకుంటారు. ఈ వారం చూస్తే పంతొమ్మిది ఇళ్ళు ఉన్నాయి. మందస వైపు రెండు ఇళ్ళకు పోయిన నెల వెళ్ళవలసింది, ఇంకా వెళ్ళలేదు. నాలుగు దిండ్లు కావాలి. కొలతలు ఆయన దగ్గర ఉన్నాయి, కొనే ముందు అడగండి.